తొలిపూత పత్తి

నాకు అనుమానం ఎక్కువని మావాళ్లంతా అంటారు. నేను దాన్ని జాగ్రత్త అంటాను. పాడేరులో నేను పాఠాలు చెప్పే బడిలో ఏ పిల్లయినా కడుపునొప్పి అంటే ముందు దాని సంచీ విప్పి చూస్తాను. పచ్చి చింతకాయ దొరక్కపోతే అప్పుడు జాలిపడతాను. సంతలో కందులు కొలిచేటప్పుడు గింజల వైపు చూడను, కొలిచేవాడి బొటనవేలు డబ్బా లోపలుందా బయటుందా అని చూస్తాను. జీపు డ్రైవరు ఇప్పుడే బయల్దేరుతున్నాం అంటే ఇంజను మోగేదాకా ఎక్కను. ఇలాంటిదాన్ని కాబట్టి, మా అక్క చేలో పత్తికాయలు ఎవరో వలిచేస్తున్నారని విన్న రోజున, ఆ దొంగని పట్టుకోవడం నాకు తప్ప ఇంకెవరికీ చేతకాదనుకున్నాను. పట్టుకున్నాను కూడా. తప్పు మనిషినేమీ పట్టుకోలేదు. అయినా ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది.

మా ఊరికి డుంబ్రిగుడ దాటాక జీపు దిగి, గెడ్డ, అంటే కొండవాగు, దాటి, కొండ ఎక్కి వెళ్లాలి. అక్కడ మా అన్న, వదిన ఉంటారు. అమ్మానాన్నలు పోయారు. అక్కని హుకుంపేట వైపు ఇచ్చారు. మొగుడితో పొసగక తిరిగొచ్చేసింది. మా కొండల్లో అలా తిరిగొచ్చిన ఆడదాన్ని ఎవరూ చిన్నచూపు చూడరు, అది నిజమే. కానీ మాట భూమి మీదికి మళ్లేసరికి అందరూ గొంతు సవరించుకుంటారు. ఊరికి ఎగువన నాన్న చదును చేసుకున్న మెట్ట ఒకటి ఉంది. అక్క అది అడిగింది. అన్న ఔననలేదు, కాదనలేదు. ఆ మెట్టలో కాఫీ వేసి, నీడకి సిల్వర్ ఓక్ చెట్లు నాటి, వాటి మీదికి మిరియాల తీగ పాకించాలని అతనికి ఎప్పట్నుంచో ఉందని నాకు తెలుసు. ఊరి పెద్దలు కూర్చున్నారు. చివరికి పూజారి తేల్చాడు. మా ఊళ్లో పూజారి నోటి నుంచి వచ్చిందే పెద్దల మాట.

"దున్నుకోనీండి గుంటని. ఊరి కట్టు తప్పనన్నాళ్లు మెట్ట దానిదే. కట్టు తప్పిందా, అన్నకి ఎల్లిపోద్ది."

గుంట అంటే మా వైపు ఆడపిల్ల. అక్క తలూపింది. ఆమెకి ఈ లోకంలో తనదని చెప్పుకోవడానికి ఉన్నది ఆ మెట్ట ఒక్కటే. అన్న కూడా తలూపాడు. అతను అంత తొందరగా తలూపడం నాకు నచ్చలేదు. చెల్లెలు ఎప్పుడు కట్టు తప్పుతుందా అని కాచుక్కూర్చుంటాడని అప్పుడే అనుకున్నాను.

కట్టు అంటే ఊరందరూ పాటించే పద్ధతి. వాటన్నిటిలోకీ గట్టిది కొత్త. మా దగ్గర ఏ పంటైనా కొత్త పెట్టందే ముట్టరు. చిక్కుడికి కొత్త, సామకి కొత్త, కందికి కొత్త, ఆఖరికి మామిడికాయకీ కొత్తే. పూజారి కోడిని కోసి, కొత్త పంట వండి, ఊరి దేవతకి పెట్టాకే ఇళ్లలోకి ఆ పంట వస్తుంది. ఆ పండగకి ముందు ఎవరు ఒక్క కాయ తెంపినా కీడు ఊరంతటికీ తగులుతుందని నమ్మకం. చదువుకున్నదాన్ని అయినా, చిక్కుడు కొత్త కాకుండా పాడేరు బజార్లో చిక్కుడుకాయలు కొనడానికి నాకూ చెయ్యి రాదు.

పత్తి మా ఊళ్లో అంతకు ముందు ఎవరూ వెయ్యలేదు. ఆ ఏడు వేసవిలో డుంబ్రిగుడ సంతకి మైదానం నుంచి ఒక పత్తి కొనేవాడు వచ్చాడు. మిల్లులకి కాదట, చేత్తో నూలు వడికే ఆడవాళ్లకి పత్తి కావాలట. గింజలు తనే ఇస్తాడు, పంట తనే కొంటాడు. అక్క దోసిట్లో గింజలు పోస్తూ ఒకటే మాట మళ్లీ మళ్లీ చెప్పాడు.

"తొలివానకే గింజ పడాలమ్మా. బేగి ఏస్తే బేగి పూస్తాది. మీ కొండల్లో సలి బేగి దిగిపోద్ది గదా. సలికి ముందర పూసిన పువ్వుకి కాయ నిండుగుంటాది, పింజ పొడుగు, గట్టి. సలిలో పూసిన పువ్వూ కాయే అవుతాది గానీ, అందులో దూది పనికిరాదు. లాగితే తెగిపోద్ది."

పింజ అంటే గింజని అంటుకుని ఉండే దూది పోగు. నేను పక్కనే ఉన్నాను కనక ఊరుకోలేకపోయాను.

"సెట్టదే, గింజదే గదా. పువ్వు పూసిన రోజుని బట్టి పత్తెలాగ మారిపోద్ది?"

"పువ్వు రాలినాక ముందర పింజ పొడుగు సాగుతాదమ్మా. సాగినాక లోపల గట్టిపడతాది. ఆ గట్టిపడీ టయానికి ఎండ కావాల. రాత్రులు సల్లబడిపోతే ఆ పని సగంలో ఆగిపోద్ది. ఉడకని అన్నం లాగన్నమాట."

పాడేరు వెళ్లాక మా బడిలో సైన్సు చెప్పే టీచరమ్మని అడిగాను. అతను చెప్పింది నిజమేనంది. అయినా అతని మీద నా అనుమానం పోలేదు. చెప్పిన మాట నిజమైనంత మాత్రాన చెప్పిన మనిషి మంచివాడవ్వాలని ఏముంది?

తొలివాన పడింది. అక్క ఎద్దుల కోసం అన్న దగ్గరికెళ్లింది. మెట్టలో కింది సగం దున్నేదాకా ఎద్దులు ఇచ్చాడు. ఆ మర్నాడు తన పల్లపు మడికి తోలుకుపోయాడు. మళ్లీ ఎద్దులు ఖాళీ అయ్యేసరికి వరినాట్లు కూడా అయిపోయాయి. పై సగంలో గింజ అంత ఆలస్యంగా పడింది. సాళ్ల మధ్య కంది వేసింది. మా దగ్గర మెట్ట మీద ఒక్క పంటే వెయ్యడం ఎవరికీ అలవాటు లేదు. ఎద్దుల సంగతి విన్నప్పుడు నాకు ఒళ్లు మండిపోయింది. పై సగం ఆలస్యంగా పూస్తుందని, చలిలో చిక్కుకుంటుందని అన్నకి తెలియదా? కొనేవాడు సంతలో చెప్పింది ఊరంతా విన్నారు కదా? మెట్ట తన చేతికి రావడానికి ఇది మొదటి మెట్టు అనుకున్నాను.

శ్రావణం వెళ్లి భాద్రపదం వచ్చేసరికి కింది సగం పూతకొచ్చింది. ఒక శనివారం ఊరికెళ్లి చూద్దును కదా, చెట్ల మీద లేత పసుపు పూలు, కింద నేల మీద ఎర్రబారిన పూలు. వదిన కొప్పులో ఒక ఎర్రపువ్వు. నేను చూస్తూ ఊరుకుంటానా?

"ఒదినా, పువ్వు తెంపితే కాయెక్కణ్ణించి వస్తాది?"

"తెంపలేదే. పడింది ఎట్టుకున్నాను. నేల మీద పడింది ఎట్టుకున్నా దొంగతనమేటి?"

పత్తిపువ్వు మొదటి రోజు పసుపుగా ఉండి, మర్నాటికి ఎర్రబారి, ఆ తర్వాత తనంతట తనే రాలిపోతుందని నాకు అప్పటికి తెలియదు. తెలిశాక కూడా, ఆ కొప్పులో పువ్వు నేల మీదిదో చెట్టు మీదిదో తేలలేదు కదా అనుకున్నాను. వదిన పేరు నా మనసులో అలా పడింది.

అక్క మాత్రం రోజూ పొద్దున్నే వెళ్లి ఆ పూలని చూసుకునేది. చెట్టు కిందనించి పైకి పూస్తూ వెళ్తుంది. కింది కొమ్మల్లో పూలు కాయలై బరువెక్కుతుంటే పై కొమ్మల్లో ఇంకా మొగ్గలే. పై సగం చేను మోకాలెత్తు కూడా లేదు, పూత మాట దేవుడెరుగు. "ఆ కింది కాయలు సూడే, గుంటా. గుప్పిట్లో పట్టవు," అని అక్క నాకు చూపించింది. ఆమె మొహం అంత తేటగా ఉండగా నేను చూసి చాలా ఏళ్లయింది. నాకు భయం వేసింది. మనిషి ఒకదాని మీద అంత ఆశ పెట్టుకున్నప్పుడు పక్కన ఎవరో ఒకరు దాన్ని లాక్కోడానికి తయారుగా ఉంటారని నా నమ్మకం.

దసరా ముందు మొదటి కాయలు పగలబోతుండగా ఊళ్లో కొత్త ప్రశ్న లేచింది. పత్తికి కొత్త ఎప్పుడు? తినని పంటకి కొత్తేమిటని కొందరు, దేవతకి చెప్పకుండా ఎలా తెంపుతారని కొందరు. మళ్లీ పూజారే తేల్చాడు.

"తినకపోతేనేటి, కట్టుకుంటాం గదా. ఆ మెట్ట మీద కందున్నాది. కందికి కొత్త ఎట్టినాకే ఆ మెట్టలో దేని మీదైనా సెయ్యెయ్యాల."

కందికి కొత్త పెట్టేది పుష్యమాసంలో. అంటే ఇంకో మూడు నెలలకి. దసరాకి పగిలిన కాయ అన్నాళ్లూ చెట్టుకే వేలాడాలి. పెద్దలు చెడ్డవాళ్లు కాదు. కంది కాయ ఎండి నిలబడితే దానికేమీ కాదు, పత్తీ అంతేనని అనుకున్నారు. పత్తికాయ పగిలిందంటే లోపలిదంతా బయటికొచ్చేస్తుందని, దానికి పైన తొక్క ఉండదని వాళ్లకి ఎవరు చెప్పాలి? నేను నోరు తెరవబోయాను. అక్క నా చెయ్యి నొక్కింది.

"అలగే బాబూ," అంది పూజారితో.

మా అక్క ఏ మాటకీ వెంటనే అలాగే అనే మనిషి కాదు. తిండికి పిలిచినా రెండుసార్లు కాదని మూడోసారి వస్తుంది. ఆ ఒక్క మాట దగ్గర నేను ఆగి ఉంటే కథ అక్కడే తెలిసిపోయేది. నేను మా అన్న మొహంలో సంతోషం వెతుకుతూ అక్క మొహం చూడలేదు.

దసరా సెలవులకి ఊళ్లోనే ఉన్నాను. ఒక ఉదయం గెడ్డ దగ్గర బట్టలు ఉతుకుతుంటే, అరడజను మంది ఆడవాళ్లు వింటుండగా, అక్క నాతో గట్టిగానే అంది.

"గుంటా, కింది కొమ్మల్లో పగిలిన కాయలు ఎవురో వొలిచీసినారే. ఉత్త గుల్లలున్నాయి."

అంతే. ఆ పూట నుంచి నాకు అన్నం సయించలేదు. మెట్ట మీదికెళ్లి చూశాను. నిజమే, కింది కొమ్మల్లో ఎండిన గుల్లలు నాలుగు పక్కలా విచ్చుకుని ఖాళీగా ఉన్నాయి. మేక తింటే గుల్లతో సహా తింటుంది. పిట్ట లాగితే దూది చిందరవందరగా పడుతుంది. ఇది మనిషి వేళ్లతో శుభ్రంగా వలిచిన పని. అక్క వేళ్ల చివర్లు గీసుకుపోయి, పసుపు రాసుకుని ఉన్నాయి. కంచెకి ముళ్లు కడుతుంటే గీసుకున్నాయంది. అయ్యో అన్నాను.

ఇక వదిన మీద నిఘా పెట్టాను. ఆమె పొద్దున్నే అడ్డాకుల కోసం బుట్ట పట్టుకుని కొండెక్కేది. అడ్డాకులు విస్తళ్లకి పనికొస్తాయి, మా ఆడవాళ్లు కోసుకొచ్చి సంతకి వేస్తారు. అందులో వింతేమీ లేదు. కానీ అడ్డతీగలు దిగువ లోయ వైపు ఎక్కువ, మా వదిన ఎగువకి వెళ్లేది. వచ్చేటప్పుడు బుట్ట నిండా ఆకులుండేవి, మోస్తున్న మనిషి మెడ మాత్రం బరువు మోస్తున్నట్టు ఉండేది కాదు. ఒకరోజు ఆమె జాకెట్టు భుజం మీద తెల్లటి నూగు కనిపించింది. వేలితో తీసి చూశాను. దూది.

"ఇదేటి ఒదినా?"

"బూజు," అంది.

మర్నాడు గెడ్డ దగ్గర నాకు తెలిసిందంతా చెప్పేశాను. దూది సంగతి, బుట్ట సంగతి, ఎగువ దారి సంగతి. మెట్ట దక్కలేదన్న కడుపుమంటతో సొంత ఆడపడుచు పంట దోచుకుంటున్నదని అందరూ వినేలా అన్నాను. వదిన అక్కడే ఉంది. చీర పిండుతూ తల కూడా ఎత్తలేదు.

"సూసినావా? సూస్తే సరే," అంది. ఇంక మాట్లాడలేదు. దొంగ కాకపోతే తిట్టదా, ఏడవదా, నా జుట్టు పట్టుకోదా అనుకున్నాను. సాయంత్రం అన్నకి చెప్పాను. అతను కొండ వైపు చూస్తూ చుట్ట కాల్చుకున్నాడు. ఇద్దరూ ఒకటేనని తీర్మానించుకుని పాడేరు వెళ్లిపోయాను.

ఆ తర్వాత తుపాను వానలు పట్టుకున్నాయి. చెట్ల మీద మిగిలిన పగిలిన కాయలన్నీ తడిసి, పసుపెక్కి, కొన్ని నల్లబడి, ముద్దలై వేలాడాయి. వాన వెలిశాక మంచు దిగింది. అరకు వైపు మంచు చూడటానికి కార్లలో జనం వస్తారు. మా అక్కకి ఆ మంచు మంచిది కాదు. పై సగం చేను సరిగ్గా అప్పుడే పూతకొచ్చింది. ఆ పూలు ఎర్రబారడానికే ఎక్కువ రోజులు పట్టేది. కాయలు పడ్డాయి గానీ ఉసిరికాయంత దగ్గర ఆగిపోయాయి. ఎండ కోసం చూసి చూసి సగం పగిలి, సగం మూసుకునే ఉండిపోయాయి. ఒకే గింజ, ఒకే నేల, ఒకే మనిషి చేతులు. ముందు పూసినదీ వెనక పూసినదీ పక్కపక్కన పెట్టి చూస్తే రెండు వేరే పంటలనుకుంటారు.

పుష్యమాసంలో కంది కొత్త అయింది. పూజారి కంది ఉడకబెట్టి దేవతకి పెట్టి, పక్కన ఒక పత్తికాయ కూడా పెట్టాడు. అక్క చేనంతా తెంపింది. కొనేవాడు వస్తాడని కబురొస్తే నేను సెలవు పెట్టి మరీ వెళ్లాను. ఊరి కళ్లంలో బస్తాలు పెట్టారు. పూజారి రాతి మీద కూర్చున్నాడు. సగం ఊరు చుట్టూ నిలబడింది. ఊళ్లో మొదటి పత్తి కదా, అందరికీ చూడాలని ఉంది.

కొనేవాడు మొదటి బస్తాలోంచి చిన్న దూది తుంట తీసి, రెండు బొటనవేళ్ల మధ్య పట్టి లాగాడు. పుటుక్కున తెగింది.

"కొసపూత," అన్నాడు. "సలి తగిలింది. పరుపులకి పనికొస్తాది, నూలుకి రాదు."

రెండో బస్తా తడిసి రంగు మారిన పత్తి. మూడోదీ అంతే. అక్క మొహంలో నెత్తురు లేదు. అతను నాలుగో బస్తా మూతి విప్పాడు. తెల్లగా, పొడిగా, పట్టుకుంటే వేళ్లకి చుట్టుకునే పత్తి. లాగాడు. సాగింది గానీ తెగలేదు. వెలుతురుకి పట్టి చూశాడు. మొదట నవ్వాడు. తర్వాత ఆ నవ్వు పోయింది.

"ఇదే సేనిదమ్మా?"

"ఆ మెట్టదే," అంది అక్క.

"గింజ నాదే, ఆనమాలు తెలుస్తాంది. పింజ సూస్తే తొలిపూత. మరి తొలిపూత కాయ దసరాకే పగిలుంటాది గదా? తుపాను వానలకి తడిసి, ఇన్నాళ్లు మంచులో నానిన పత్తి ఇంత తెల్లగా ఎలాగుంటాది? పగిలిన నాడే తెంపినదైనా అవ్వాల, ఇంకో ఊరి పత్తి తెచ్చి కలిపినదైనా అవ్వాల. రెండిట్లో ఏటమ్మా? కల్తీ అయితే నాను ముట్టను, మళ్లీ గింజివ్వను."

అతనికి మా కట్టు సంగతి తెలియదు. పాపం, తన అనుమానం తను అడిగాడు. పూజారి చుట్ట నోట్లోంచి తీశాడు. ఇంకో ఊరి పత్తి అంటే కల్తీ, పంట కొనేవాడు పోతాడు. తన పత్తే అంటే కొత్తకి ముందు తెంపినట్టు, మెట్ట పోతుంది. అక్క ఏ మాట చెప్పినా ఒకటి పోతుంది. పత్తిగుల్లల మొనలకి గీసుకుపోయి పసుపు రాసుకున్న ఆ వేళ్లు నాకు అప్పుడు గుర్తొచ్చాయి. కంచెకి ముళ్లు కట్టడమేమిటి, ఆ మెట్టకి కంచే లేదు కదా! ఊరందరి మీదా అనుమానపడ్డాను, ఒక్క మా అక్కని తప్ప.

అప్పుడు వదిన ముందుకొచ్చింది.

"నానే తెంపినాను."

అందరూ ఆమె వైపు తిరిగారు.

"పగిలిన కాణ్ణించీ నానే వొలిచినాను. మెట్ట మా ఇంటికి రాలేదని మంట. అడ్డాకుల కింద ఎట్టి మోసుకుపోయినాను. తరవాత దేవతకి బయమేసి, కంది కొత్త అయినాక తెచ్చి దాని బస్తాల్లో ఎట్టీసినాను. దానికేటీ తెలీదు. కావాలంటే ఈ సదువుకున్న గుంటని అడగండి. దసరా కాణ్ణించి నన్ను దొంగ, దొంగని గెడ్డ దగ్గర అందరికీ సెప్పలేదేటి?"

"సెప్పినాది, సెప్పినాది," అన్నారు ఆడవాళ్లు.

"నువ్వు సూసినావా గుంటా?" అని పూజారి నన్ను అడిగాడు.

నేను చూసింది చెప్పాను. భుజం మీద దూది, ఎగువ దారి, తేలికైన బుట్ట. ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. ఆడాల్సిన అవసరం లేకుండా అంతా ముందే సిద్ధంగా ఉంది.

పూజారి వదినకి తప్పు వేశాడు, దేవతకి ఒక నల్లకోడి. వదిన ఇంటికెళ్లి వెంటనే కోడిని తెచ్చిచ్చింది. కొనేవాడు తొలిపూత బస్తాని విడిగా కట్టించుకుని, వచ్చే ఏడు ఇదే పత్తి కావాలని, గింజలు తెస్తానని చెప్పి వెళ్లాడు. మెట్ట అక్కకే ఉండిపోయింది. అన్న బస్తాలు గెడ్డ దాటించి జీపుకెక్కించాడు.

అందరూ వెళ్లిపోయాక నాకు ఆ కోడి దగ్గర అనుమానం మొదలైంది. పట్టపగలు మా ఊళ్లో కోడిని పట్టుకోవాలంటే పిల్లలందరూ పరుగెత్తాలి, రెండు పెరళ్లు దాటాలి. వదిన వెళ్లిన కాసేపటికే తిరిగొచ్చింది. పైగా ఆ కోడి కాళ్లకి తాడు గట్టిగా బిగిసి ఉంది. అంటే పొద్దున్నే పట్టి, గంప కింద మూసి పెట్టింది. తప్పు వేస్తారని ఆమెకి పొద్దున్నే ఎలా తెలుసు?

అక్కని మెట్ట మీద పట్టుకున్నాను. పత్తి కట్టెలు పీకుతోంది.

"కోడి కాళ్లు ముందే కట్టీసున్నాయి," అన్నాను.

అక్క కట్టె పక్కన పడేసి నవ్వింది. నాకు ఆ నవ్వు చూస్తే కొట్టాలనిపించింది.

"కంది కొత్త దాకా ఆగితే తొలిపూత పోద్ది. తొలిపూత పోతే కొసపూత సూసి ఆయన మళ్లీ రాడు. ఆయన రాకపోతే ఈ మెట్ట మీద ఏటేసుకుని బతకాల? తెంపితే కట్టు తప్పుద్ది. ఎలగైనా పోయీదే. అందుకే నాను తెంపినాను, ఒదిన మోసింది. అన్నోళ్ల అటక మీదే దాసినాం."

"ఒదినకేటి లాభం?" అని అడిగాను. ఉత్త ప్రేమ అంటే నేను నమ్మను.

వెనకనించి వదినే జవాబు చెప్పింది. ఎప్పుడొచ్చిందో, బుట్ట పట్టుకుని నిలబడి ఉంది.

"ఈ మెట్ట మీ అన్నకొస్తే కాఫీ ఏస్తాడు. ఆ మొక్కలకి గెడ్డ కాణ్ణించి నీళ్లు మోసీదెవురు? నువ్వా? నాకున్న పని సాల్దేటి?"

ఇది నమ్మదగ్గ మాట. మనసు కొంచెం కుదుటపడింది. కానీ అసలు ప్రశ్న ఇంకా గొంతులోనే ఉంది.

"నాకెందుకు సెప్పలేదు?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అక్క చెప్పింది.

"సెప్తే నీ మొగమే సెప్పీద్ది. నీకు అనుమానపడ్డం వచ్చుగానీ దాసడం రాదు. ఒకవేళ దొరికిపోతే ఒదిన ఒప్పుకోవాల. అప్పటికప్పుడు ఒప్పుకుంటే ఎవురు నమ్ముతారు? ముందునుంచీ ఎవురో ఒకరు దాన్ని దొంగంటూ ఉండాల. అందుకే గెడ్డ దగ్గర నీ సెవిన ఏసినాను. మిగిలింది నువ్వు సూసుకుంటావని తెల్సు."

నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా, ఆ కట్టెల మధ్య కూర్చుని. మా అక్క నన్ను నమ్మలేదు. నా అనుమానాన్ని మాత్రం నమ్ముకుంది, ఎంతగానంటే తన మెట్టంతా దాని మీద పెట్టింది. దీనికి గర్వపడాలా, తల దించుకోవాలా? వదిన నా పక్కన కూర్చుని వీపు రాసింది. ఆ రాయడంలో కూడా ఏదో ఉందనిపించింది.

మరుసటి ఏడు విత్తనాల వేళకి అన్న తనంతట తనే ఎద్దుల్ని ముందు ఆ మెట్టకి తోలాడు, రెండు సగాలూ ఒకేసారి దున్నాడు. ఎందుకని అడిగితే, "నా మడికి నీరింకా రాలేదు," అన్నాడు. పూజారి ఇంకా విచిత్రం. మొదటి కాయ పగిలిన నాడే పత్తికి విడిగా కొత్త పెట్టేద్దామన్నాడు. దేవత కలలో కనిపించి చెప్పిందట, తెల్లబట్ట మాసిపోతోందని. ఆ మాట చెబుతూ మా వదిన వైపు చూడకుండా ఉండటానికి అతను పడిన పాట్లు నేను చూశాను. ఊరందరికీ ముందే తెలుసా, నాకొక్కదానికే తెలియదా? ఈ ప్రశ్న నేను ఎవరినీ అడగలేదు. అడిగితే నిజం చెబుతారని నమ్మకం లేదు.

ఆ ఏడు పంట అయ్యాక అక్క, వదిన కలిసి నాకొక తలగడ కుట్టిచ్చారు. తొలిపూత దూది అన్నారు. పాడేరు తీసుకెళ్లాను. మెత్తగానే ఉంది. కానీ పైన ఒక పొర మంచిది పెట్టి లోపలంతా కొసపూత కూరి ఉండరా? ఒక ఆదివారం మధ్యాహ్నం తలుపు వేసుకుని, ఒక పక్క కుట్టు విప్పాను. చెయ్యి నడిమధ్యకి పెట్టి, అక్కడి దూది తీసి, బొటనవేళ్ల మధ్య పట్టి లాగాను. సాగింది గానీ తెగలేదు. ఇంకో మూల చూశాను. అదీ అంతే. మళ్లీ కుట్టేశాను.

కొన్నాళ్లకి వదిన సంచీ నిండా కందులతో పాడేరు వచ్చింది. మంచం మీద కూర్చుని తలగడ ఒళ్లోకి తీసుకుంది. వేలితో అంచు తడుముతూ వెళ్లి, నా కుట్టు దగ్గర ఆగింది.

"ఇప్పి సూసినావు గదూ?"

నేను కందుల సంచీ మూతి విప్పసాగాను.

"నువ్వు ఇప్పుతావని మీ అక్క ముందే అన్నాది. అందుకే లోపల కూడా మంచిదే ఎట్టినాం," అని, తలగడ పక్కన పెట్టి, కందులు పొయ్యడానికి డబ్బా ఏదని అడిగింది.